31 టిప్పణుల నుంచి 7కి: ఒక వ్యంగ్య చేతిపుస్తకం కథ

పుస్తకం పేరు 'వార్షిక నివేదిక'. బొమ్మలు లినోలియం అనే మెత్తని పలక మీద చెక్కి, అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి అచ్చువేసి, మడిచి, అట్టలు కట్టి మొత్తం 12 ప్రతులు చేశాను. విప్పితే 22 మడతల పొడుగాటి పట్టీ. అందులో పేరు లేని ఒక పెద్దమనిషి ఏడాది పొడుగునా తాను చేసిన ఘనకార్యాలను ఏకరువు పెడుతుంటాడు. అతనిది ఏ దేశమో, ఏ పదవో ఎక్కడా చెప్పలేదు. కుర్చీ దక్కిన దగ్గర్నుంచి తన గొప్పలు లెక్కపెట్టుకోవడమే పనిగా బతికేవాడు ఎవడైనా సరే, వాణ్ని ఉద్దేశించే చేశాను.

చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. మడతలు ఎంత సూటిగా వచ్చాయో అన్నారు, నల్ల సిరా ఎంత నిండుగా పట్టిందో అన్నారు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరికీ కోపం రాలేదు. వ్యంగ్యం చేసేవాళ్లకు ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. ప్రదర్శనలో ఒక పెద్దావిడ ఓపిగ్గా చివరి మడత దాకా చూసి, "చాలా అందంగా ఉందండీ. ఇంతకీ ఇందులో ఎవర్ని అంటున్నారు?" అని అడిగారు. జవాబు చెప్పబోయి పది నిమిషాలు మాట్లాడాను. ఆవిడ ముఖంలో మర్యాద తప్ప మరేమీ కనబడలేదు. ఈ పుస్తకానికి టిప్పణి రాయక తప్పదని ఆ రోజే అర్థమైంది. అది మొదట ఎలా చెడిందో, తర్వాత ఎలా దారిలో పడిందో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి పుస్తకాలు చేసేవాళ్లకూ, ప్రదర్శనల్లో వాటి పక్కన కార్డులు రాసేవాళ్లకూ పనికొస్తుందని ఆశ.

కూర్చుని లెక్క తీస్తే, పాత వ్యంగ్య చిత్రాల నుంచీ పాత పుస్తకాల నుంచీ నేను తెచ్చుకున్న సూచనలు, అంటే ఆ పాతవాటిని గుర్తుచేసే ఆనవాళ్లు, 31 తేలాయి. ఒక్కోదానికీ నంబరు వేసి మూలం, చిత్రకారుడి పేరు, సంవత్సరం రాశాను. 14 పేజీలైంది. నలుగురికి పుస్తకం, టిప్పణి కలిపి ఇచ్చి పక్కన కూర్చున్నాను. నలుగురూ ఒకే పని చేశారు. నంబరు చూడటం, టిప్పణి చదవడం, బొమ్మలో అది ఉందో లేదో సరిచూసుకోవడం, తర్వాతి నంబరుకు వెళ్లడం. గొప్పలు లెక్కపెట్టేవాడి మీద చేసిన పుస్తకం వాళ్ల చేతుల్లో సరుకుల చిట్టా అయిపోయింది. మధ్యలో ఒక్కరైనా ఆగి బొమ్మను మళ్లీ చూస్తారేమోనని ఎదురుచూశాను. ఆగలేదు.

ఇంటికి తెచ్చుకుని ఆ 14 పేజీలు మళ్లీ చదివాక లోపం బయటపడింది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి ప్రతి టిప్పణిలోనూ ఉన్నాయి. ఆ బొమ్మ పుట్టిన రోజున ఎవరికి గుచ్చుకుంది, గీసినవాడి మీదికి ఏం తెచ్చిపెట్టింది అన్నది మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ముల్లు తీసేసి కొమ్మను మాత్రం చేతికిచ్చాను.

మడతతోనే మొదలుపెడతాను. ఈ పుస్తకంలో అన్నిటికన్నా పెద్ద సూచన ఏ బొమ్మలోనూ లేదు, మడతలోనే ఉంది. ఇలా ముందుకీ వెనక్కీ మడిచిన పట్టీని పుస్తకాలు కట్టేవాళ్లు లెపొరెల్లో అంటారు. అది ఒక నౌకరు పేరు. 1787లో ప్రాగ్ నగరంలో తొలిసారి ఆడిన మొజార్ట్ ఒపెరా (పాటల నాటకం) 'డాన్ జొవాని'లో యజమాని ఎంతమంది ఆడవాళ్లను వలలో వేసుకున్నాడో రాసిపెట్టే పని అతనిది. యజమాని చేతిలో మోసపోయి వెతుక్కుంటూ వచ్చిన డోనా ఎల్వీరా ముందు నిలబడి ఆ జాబితా పాడి వినిపిస్తాడు. ఇటలీలో 640, జర్మనీలో 231, ఫ్రాన్సులో 100, టర్కీలో 91, స్పెయిన్లో మాత్రం 1003. రంగస్థలం మీద ఆ జాబితాను మడతలు మడతలుగా జారే పట్టీలా చూపించడం అలవాటైంది. నౌకరు పేరే మడతకు నిలిచిపోయింది.

ఆ పాటకు ప్రేక్షకులు నవ్వుతారు. కానీ ఎల్వీరా బుర్గోస్ ఊరి మనిషి, అంటే స్పెయిన్ ఆవిడే. 1003లో ఆవిడా ఒకరు. అంకెగా మారిన మనిషి ఎదురుగా నిలబడి ఆ అంకెను వింటోంది. నా పుస్తకమంతా ఈ ఒక్క క్షణం మీద నిలబడింది కాబట్టే ఈ మడతను ఎంచుకున్నాను. పట్టీ వెనకవైపు 2065 చిన్న గీతలు అచ్చువేశాను, పై అంకెలన్నీ కూడితే వచ్చేది అదే. స్పెయిన్ వాటాకు వచ్చే గీతల్లో ప్రతి ప్రతిలోనూ ఒకచోట అచ్చు వదిలేసి, ఆ గీతను పెన్సిల్‌తో చేత్తో గీశాను. కాగితాన్ని కాస్త ఏటవాలుగా పట్టుకుంటే ఆ ఒక్క గీత బూడిదరంగులో మెరుస్తుంది. వేలితో రుద్దితే చెరుగుతుంది కూడా.

పాత టిప్పణిలో ఇదంతా చెప్పేశాను. ఒపెరా పేరు, సంవత్సరం, 2065 గీతలు, అందులో ఒకటి పెన్సిల్ గీత అని. ఒక్కరూ పట్టీని వెనక్కి తిప్పలేదు. అంతా చెప్పేశాక తిప్పి చూడాల్సిన అవసరం ఏముంటుంది? కొత్త టిప్పణిలో నౌకరు కథ, అయిదు అంకెలు రాసి, 'ఆ జాబితా వింటున్న ఆవిడ స్పెయిన్ మనిషి' అన్న వాక్యంతో ఆపేశాను. గీతల ఊసే ఎత్తలేదు. ఈసారి చదివినవాళ్లలో ఒకాయన మడతల మధ్య నుంచి వెనకవైపు గీతలు కనబడగానే పట్టీ మొత్తం బల్ల మీద బోర్లా పరిచారు. చాలాసేపు వెతికారు. చివరికి వేలు ఒకచోట ఆపి, "ఈవిడేనా?" అన్నారు. 'ఇదేనా' అనలేదు. ఆ ఒక్క మాట కోసం ఎన్నిసార్లయినా తిరగరాయవచ్చనిపించింది.

నాలుగో మడత దగ్గర నాకు వేరే రకం చిక్కు వచ్చింది. అక్కడ పెద్దమనిషి తల నాలుగు దశల్లో బేరిపండు అవుతుంది. ఒకమ్మాయి చూసి, "ఒకరి లావును వెక్కిరించడం బాగాలేదండీ" అంది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు. కథ తెలియకపోతే ఆ బొమ్మ చెప్పేది అంతే.

1830 జూలై తిరుగుబాటు తర్వాత ఫ్రాన్సులో లూయీ ఫిలిప్ గద్దెనెక్కాడు. పత్రికలకు స్వేచ్ఛ ఉంటుందన్న హామీతో వచ్చిన పాలన అది. ఏడాది తిరక్కముందే వ్యంగ్య చిత్రాల పత్రిక నడిపే షార్ల్ ఫిలిపాన్ మీద రాజును అవమానించాడని కేసు పెట్టారు. 1831 నవంబరులో కోర్టులోనే అతను కాగితం మీద నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజు ముఖంలా ఉంది. రెండోది మొదటిదానిలా, మూడోది రెండోదానిలా ఉన్నాయి. నాలుగోది బేరిపండు. పోలిక ఉండటమే నేరమైతే మీరు దేన్ని శిక్షిస్తారు, ఎక్కడ ఆపుతారు అన్నది అతని వాదన. శిక్ష తప్పలేదు. ఆ తర్వాత పారిస్ గోడల మీద ఎక్కడ చూసినా బేరిపండ్లే. ఒక్కటి చెరిపితే రాజును గుర్తుపట్టానని ఒప్పుకున్నట్టే. 1835లో ఫ్రెంచి ప్రభుత్వం వ్యంగ్య చిత్రాల మీద ముందస్తు సెన్సారు మళ్లీ తెచ్చింది.

కాబట్టి ఆ బొమ్మ గుచ్చింది రాజు బుగ్గల్ని కాదు, పండును కూడా నిషేధించాల్సిన స్థితికి దిగజారిన చట్టాన్ని. టిప్పణిలో లావు మాట, పోలిక మాట తీసేసి కోర్టు వాదన ఒక్కటే ఉంచాను. ఇక్కడ మడతకూ పని ఉంది. రెండో, మూడో దశలు లోపలికి మడిచే వైపు అచ్చువేశాను. చటుక్కున తెరిచేవాళ్లకు మొదటి ముఖం, చివరి పండు మాత్రమే కనబడి, రెండింటికీ సంబంధం తెగిపోతుంది. ఫిలిపాన్ వాదన బతికేది ఆ మధ్య రెండింటిలోనే. నెమ్మదిగా తెరిస్తే తప్ప దొరకవు. ఆ అమ్మాయికి కొత్త టిప్పణి ఇచ్చి మళ్లీ చూపించాను. మధ్య రెండు బొమ్మల దగ్గరే ఆగిపోయింది. తన అభ్యంతరాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేదు గాని, "అయితే ముఖం మీద కాదన్నమాట" అంది.

ఏడో మడత గాడిదది. గాడిదకేం తెలుసు గంధం వాసన అనే సామెత పుట్టిన భాషలో గాడిదను గీస్తే చూసేవాళ్లు సామెత దగ్గరే ఆగిపోతారు. నా గాడిద తెలివితక్కువదని నేను అనడం లేదు. అది వంశం గురించి మాట్లాడుతోంది. స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో 80 చిత్రాలతో 'కాప్రిచోస్' అనే సంపుటి వెలువరించాడు. మాడ్రిడ్‌లో తన ఇంటి కింద, అత్తరూ మద్యమూ అమ్మే దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. దానిలో 39వ చిత్రంలో ఒక గాడిద దర్జాగా కూర్చుని పెద్ద పుస్తకం తెరిచి చూపిస్తుంటుంది. పుస్తకంలో వరసలు వరసలుగా గాడిదల బొమ్మలే. కింద 'తాతదాకా' అన్న అర్థం వచ్చే ఒక్క ముక్క.

టిప్పణి రాసే మనిషిగా నన్ను పట్టుకున్నది బొమ్మ కన్నా దాని వివరణల చరిత్ర. సంపుటి కొద్దికాలానికే అమ్మకం నుంచి వెనక్కి పోయింది. 1803లో గోయా రాగి రేకుల్నీ మిగిలిన ప్రతుల్నీ రాజుకు అప్పగించేశాడు. ఈలోగా ఆ చిత్రాలకు చేతిరాత వివరణలు చేతులు మారాయి. ప్రాడో మ్యూజియంలో ఉన్న రాతప్రతి అందరికీ వర్తించేలా మాట్లాడుతుంది. వంశావళులు రాసేవాళ్లు పాపం ఈ జంతువుకు మతి చెడగొట్టారు, ఇలాంటిది ఇదొక్కటే కాదు అన్నది దాని సారాంశం. మిగతా రాతప్రతులు అంత జాగ్రత్త పాటించవు. పలు చిత్రాల్లో ఫలానావారని వేలు చూపిస్తాయి. అప్పట్లో రాజ్యాన్ని శాసించిన మంత్రి గొడోయ్ పేరు వాటిలో దొర్లుతుంది. అంటే ఒకే బొమ్మల పక్కన కప్పిపెట్టే టిప్పణీ ఉంది, పట్టిచ్చే టిప్పణీ ఉంది.

'ఎవర్ని అంటున్నారు' అని పెద్దావిడ అడిగింది పట్టిచ్చే టిప్పణినే. చాలా రోజులు తర్జనభర్జన పడ్డాను. పేరు పెడితే ఆ మనిషి కుర్చీ దిగిన రోజున పుస్తకమూ దిగిపోతుంది. పేరు పెట్టకపోతే ప్రతివాడూ అది పక్కింటి గాడిద అనుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. రెండోదాని ప్రమాదమే నాకు ఎక్కువ అనిపించింది, అయినా పేరు పెట్టడానికి మనసొప్పలేదు. చివరికి బొమ్మలోనే దారి దొరికింది. నా గాడిద పుస్తకంలో చివరి వరసలో ఒక గడి చెక్కకుండా వదిలేశాను. దానికింద పేరు రాసుకోవడానికి సన్నని గీత ఉంది. టిప్పణిలో రెండు రకాల రాతప్రతుల సంగతీ చెప్పి, 'చివరి గడి ఖాళీ' అని ముగించాను. చదివిన ఒకాయన తలెత్తకుండానే "పెన్సిల్ ఉందా?" అని చేయి చాచారు. ఇచ్చాను. ఆ ప్రతిని నేనే దాచుకున్నాను, ఆయన రాసిన పేరు చెరపలేదు.

టిప్పణి సాయంతోనూ నిలబెట్టలేక తీసేసిన బొమ్మ ఒకటుంది. టోపీ పెట్టుకున్న అస్థిపంజరం. మెక్సికోలో హోసే గ్వాదలూపే పొసాదా చెక్కిన ఆ దొరసాని పుర్రె అక్కడి మూలవాసుల రక్తాన్ని దాచిపెట్టుకుని యూరపు సోకులు పోయేవాళ్ల మీద విసురు. 1913లో పొసాదా చనిపోయాడు. 1947లో దియెగో రివేరా తన కుడ్యచిత్రంలో ఆ పుర్రెకు నిలువెత్తు శరీరం, మెడలో ఈకల పాము ఇచ్చి నడిమధ్యన నిలబెట్టాడు. ఇవాళ అది ప్రపంచమంతా తెలిసిన ముఖం. ముఖాల మీద రంగులుగా, బట్టల మీద అచ్చుగా కనబడుతుంది. చూసిన ప్రతివాళ్లూ "ఓ, ఇదా" అన్నారు. అంతే, అక్కడితో సరి. ఎవరికీ తెలియని సూచనకు కథ చెబితే వింటారు. అందరికీ తెలిసిపోయిందనుకున్నదాన్ని మళ్లీ వినిపించడం నాకు చేతకాలేదు. ఆ మడతకు చెక్కిన లినోలియం ముక్క ఇప్పటికీ బల్ల సొరుగులో ఉంది. తీసేసినందుకు బాధగానే ఉంది, మంచి చెక్కడం అది.

దాని స్థానంలోకి తలకిందుల ముఖం వచ్చింది. దానికి టిప్పణి రెండే వాక్యాలు పట్టింది. 16వ శతాబ్దంలో మతసంస్కరణ పోరాటాల రోజుల్లో పోపు వ్యతిరేకులు కొన్ని పతకాలు పోతపోశారు. నిటారుగా పట్టుకుంటే పోపు, తిప్పితే దయ్యం. వెనకవైపు అలాగే కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి మతాధికారి), తిప్పితే విదూషకుడు. పతకం అరచేతిలో ఇమిడేది, కాబట్టి దాన్ని తిప్పే చెయ్యి ఎప్పుడూ చూసేవాళ్లదే. నా పుస్తకంలోనూ అంతే, పెద్దమనిషి ముఖాన్ని తిప్పాలంటే 22 మడతల పట్టీని మొత్తం తిప్పాలి. తిప్పేటప్పుడు అది జారి కిందకు విచ్చుకుంటుంది. గాజు పెట్టెలో పెట్టి చూపించే చోట ఈ మడత చచ్చిపోతుందని నిర్వాహకులకు ప్రతిసారీ చెబుతాను, ఒక్క ప్రతినైనా చేతికివ్వమని బతిమాలతాను.

అట్ట గురించి కొంచెమే చెబుతాను. గోడలకు అంటించే కాగితాన్ని తిరగేసి వాడాను. 1910లో పీటర్స్‌బర్గ్‌లో పాత సాహిత్యాన్ని తోసిపుచ్చిన రష్యన్ ఫ్యూచరిస్టు కవులు తమ కవితల సంకలనాన్ని గోడకాగితం వెనకవైపు అచ్చువేశారు, అప్పటి ఖరీదైన సాహిత్య సంచికల నాజూకుదనానికి ఎదురుదెబ్బగా. నిగనిగలాడే నివేదికలకు నా జవాబూ అదే. చివరి మడతలో కళ్లద్దాలు పెట్టుకుని పుస్తకాల మీది ఈగలు తోలుకుంటున్న మనిషి కూడా పాతవాడే. సెబాస్టియన్ బ్రాంట్ 1494లో బాసెల్‌లో అచ్చువేయించిన 'మూర్ఖుల నావ' అనే వ్యంగ్య కావ్యంలో నావ అందరికన్నా ముందు ఎక్కేవాడు అతనే. పుస్తకాలు బోలెడు, చదివేది సున్న. నివేదికలు పేర్చుకునేవాడికి అంతకన్నా దగ్గరి చుట్టం నాకు దొరకలేదు.

ఇలా 31 కాస్తా ఏడైంది. ఒక్కోటీ 60 మాటలు దాటకూడదని గిరి గీసుకున్నాను. నంబర్లు తీసేశాను. ఏ టిప్పణి ఏ మడతకో బొమ్మలోని చిన్న ముక్కను పక్కన అచ్చువేసి గుర్తు పెట్టాను. నల్ల గీత, పండు తొడిమ, గాడిద చెవి. అవన్నీ ఒకే కాగితం మీద వేసి, నాలుగుగా మడిచి, మూడు రంధ్రాల కుట్టు వేసి, వెనక అట్ట లోపలి జేబులో పెట్టాను. జేబు కాస్త బిగువుగానే చేశాను. పుస్తకం ఒకసారి చివరిదాకా చూశాక గాని చెయ్యి అక్కడికి పోకూడదు. మొదట పుస్తకం, తర్వాత టిప్పణి, మళ్లీ పుస్తకం అన్న వరస ఆ బిగువు వల్లే కుదిరింది. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను. టిప్పణిని బొమ్మ పక్కన గోడకు అంటిస్తామంటే ఒప్పుకోను.

నల్ల పేజీ సంగతి చివరికి అట్టిపెట్టాను, ఎందుకంటే అక్కడ చదివినవాళ్లు పుస్తకాన్నే మార్చారు. 14వ మడతలో 'అందిన ఫిర్యాదులన్నీ పరిష్కరించాం' అని ఉంటుంది. 15వ మడత అంచు నుంచి అంచుదాకా నలుపు. నా దృష్టిలో అది ఇంగ్లీషు నవలాకారుడు లారెన్స్ స్టెర్న్ పేజీ. 1759 డిసెంబరులో వచ్చిన 'ట్రిస్ట్రమ్ షాండీ' మొదటి సంపుటంలో యోరిక్ అనే పాస్టరు చనిపోయిన చోట కాగితం రెండువైపులా నల్లగా అచ్చువేశారు. 1761లో వచ్చిన మూడో సంపుటంలో అదే రచయిత రంగులు కలిపిన పేజీ పెట్టించాడు. ప్రతి కాపీలోనూ ఆ పేజీకి చేత్తోనే రంగులు పట్టించారు కాబట్టి ఏ రెండు కాపీలూ ఒకలా ఉండవు. పుస్తకం చేతివస్తువని అంత ధైర్యంగా చెప్పిన నవల అది. ఫిర్యాదు చేసినవాళ్లకు సంతాపంగా ఆ నలుపును తెచ్చుకున్నాను. చూసినవాళ్లలో సగం మంది, "ఇక్కడ సిరా ఎక్కువైందా అండీ?" అన్నారు.

ఒక కుర్రాడు మాత్రం టిప్పణి తీయకముందే, "ఇది కొట్టేసింది కదా? ఆఫీసుల్లో అడిగితే కాగితాలు ఇస్తారు, ఇచ్చేముందు ఇలా నల్లగా పూసేస్తారు" అన్నాడు. స్టెర్న్ పేరు అతను వినలేదు. విననక్కర్లేదు కూడా, అతని చదువు నా పుస్తకానికి నేను అనుకున్నదానికన్నా దగ్గరగా కూర్చుంది. టిప్పణిలో మాత్రం స్టెర్న్‌నే ఉంచాను, కొట్టివేత మాట రాయలేదు. కాలం చెరిపేసినదానికి టిప్పణి కావాలి గాని, జనం రోజూ చూస్తున్నదానికి ఎందుకు?

అప్పటికి నాలుగు ప్రతులు ఇంకా అచ్చు కాలేదు. ఆ నాలుగింటిలో నలుపు వేసే ముందు, అదే చోట సీసం అక్షరాలతో సిరా లేకుండా ఒక ఫిర్యాదు వాక్యాన్ని కాగితంలోకి గట్టిగా నొక్కాను. దాని మీద మూడు పూతల నలుపు వేశాను. కంటికి ఏమీ కనబడదు. దీపం పక్కన ఏటవాలుగా పట్టుకుంటే గుంటలు లీలగా తెలుస్తాయి. వేలి కొసతో ఎడమ నుంచి కుడికి తడిమితే అక్షరాలు తగులుతాయి, ఓపికుంటే రెండు మూడు మాటలు కూడబలుక్కోవచ్చు. 9 నుంచి 12 దాకా ఉన్న ప్రతులు ఇవి. ఆ వాక్యం ఏమిటో టిప్పణిలో లేదు.